యాభై రూపాయల నేరం: ఒక కుక్కల పందెం కేసు పూర్వాపరాలు

జంతుహింస కేసుల్లో ఫిర్యాదుదారుల తరఫున పనిచేసే న్యాయవాదిగా నేను చాలా ఫైళ్ళు ముగించి బీరువాలో పెట్టాను గానీ, ఈ ఒక్క ఫైలును మాత్రం ఇప్పటికీ తీసి చదువుతూనే ఉంటాను. లెక్కప్రకారం ఇది మేము గెలిచిన కేసు. బరిలో కుక్కలను వదిలిన ఇద్దరూ, బరి నడిపిన మూడో మనిషీ దోషులని తేలింది. జంతుహింస నేరానికి చట్టం అనుమతించిన గరిష్ఠ శిక్షనే మేజిస్ట్రేటు వేశారు. ఆ గరిష్ఠ శిక్ష ఒక్కొక్కరికి యాభై రూపాయల జరిమానా. ముగ్గురూ అదే మధ్యాహ్నం డబ్బు కట్టి, రసీదు తీసుకుని వెళ్ళిపోయారు.

కుక్కల పందేలకు శిక్ష పెంచాలని అన్నప్పుడల్లా ఎదుటివారికి తోచేది ఒకటే: దోషిగా తేలినవాడు మరిన్ని ఏళ్ళు జైల్లో ఉండాలని మేము కోరుతున్నామని. ఈ కేసు నాకు నేర్పింది వేరు. చట్టంలో రాసి ఉన్న శిక్ష తీర్పు రోజున మాత్రమే పనిచేయదు. ఫిర్యాదు అందిన మొదటి గంటలో పోలీసులు కేసు కట్టగలరా లేదా, దర్యాప్తుకు ఎంత గడువు ఉంటుంది, ఎవరిని ముద్దాయిగా చేర్చవచ్చు, పట్టుబడిన కుక్కల తిండి ఖర్చు ఎవరిమీద పడుతుంది అన్నవన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. అంకె చిన్నదైతే కేసు మొదటి మెట్టు నుంచే చిన్నదైపోతుంది. అది ఎలా జరుగుతుందో చూపించడానికే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊరి పేరు, కోర్టు పేరు కావాలనే వదిలేశాను.

దాడి జరిగిన ఉదయం

భారతీయ శిక్షాస్మృతి ఇంకా అమలులో ఉన్న రోజులవి. మున్సిపాలిటీ పరిధి దాటాక ఉన్న ఒక కంచె వేసిన తోటలో ఆదివారం తెల్లవారుజామున పందెం జరగబోతోందని, ముందు వారం జరిగిన పందెం తాలూకు వీడియోతో సహా, ఒక జంతు సంరక్షణ కార్యకర్తకు సమాచారం వచ్చింది. ఆమె నాకు ఫోన్ చేసిన అరగంటకు మేమిద్దరం పోలీసు స్టేషన్‌లో ఉన్నాము. డ్యూటీలో ఉన్న ఎస్సై మర్యాదగానే విన్నారు, కానీ ఆయన వేసిన మొదటి ప్రశ్న, ఇది కాగ్నిజబుల్ నేరమేనా, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమేనా అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జరిమానాతో సరిపోయే నేరాల్లో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదన్నది సాధారణ నియమం. యాభై రూపాయల జరిమానా ఉన్న సెక్షన్‌ను చూసి ఏ పోలీసు అధికారి అయినా ఆగుతాడు.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లో దీనికి జవాబు ఉంది గానీ, ఆ జవాబు సగమే. 11వ సెక్షన్ మొదటి ఉపవిభాగంలోని (ఎమ్) క్లాజు రెండవ భాగం, వినోదం కోసం ఒక జంతువును మరో జంతువుతో పోరాడేలా రెచ్చగొట్టడాన్ని నేరం అంటుంది. (ఎన్) క్లాజు జంతువుల పోరాటానికి స్థలం ఏర్పాటు చేయడం, నడపడం, ఇవ్వడం, లోపలికి వచ్చేవారి నుంచి డబ్బు తీసుకోవడాన్ని నేరం అంటుంది. చట్టంలోని 31వ సెక్షన్ ఈ రెండింటిలో (ఎన్) క్లాజును మాత్రమే కాగ్నిజబుల్ చేసింది. అంటే బరికి స్థలం ఇచ్చినవాడి మీద పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. అదే బరిలో నిలబడి కుక్క గొలుసు విప్పినవాడి మీద, ఆ ఒక్క నేరమే అయితే, కట్టలేరు. ఒక ఘటనలో కాగ్నిజబుల్ నేరం ఒక్కటైనా ఉంటే మొత్తం ఘటనను కాగ్నిజబుల్‌గానే చూడాలన్న, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే ప్రక్రియా చట్టం నియమాన్ని పట్టుకుని, ఫిర్యాదును (ఎన్) క్లాజుతో మొదలుపెట్టి రాశాము. ఎస్సై పుస్తకం తెప్పించుకుని 31వ సెక్షన్ స్వయంగా చదివాకే జీపు కదిలింది. ఈ చర్చకు నలభై నిమిషాలు పట్టింది. మేము తోటకు చేరేసరికి మొదటి పందెం అయిపోయింది.

జనం కంచె దూకి పారిపోయారు. తొమ్మిదిమంది దొరికారు. నాలుగు వైపులా చెక్కలు నిలబెట్టి, నేలమీద పాత తివాచీ పరిచిన చదరపు బరి, కుక్కల బరువు తూచే కాటా, యాంటీబయాటిక్ సీసాలు, సిరంజిలు, పట్టు వదలని కుక్క దవడల మధ్య దూర్చి విడదీసే చెక్క ముక్క, కొంత నగదు, నాలుగు సెల్‌ఫోన్లు జప్తు అయ్యాయి. మూడు కుక్కలు బతికి ఉన్నాయి. నాలుగోది బరి పక్కన గోనెపట్టా కింద ఉంది. పట్టా ఎత్తినప్పుడు దాని శరీరం ఇంకా వెచ్చగానే ఉంది.

గాయాలు చెప్పిన సాక్ష్యం

ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది వైద్య సాక్ష్యం దగ్గరే కనుక ఈ భాగాన్ని కాస్త విస్తరించి చెప్పాలి. ఆ రోజు మధ్యాహ్నం మొదట చూసిన పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం రెండు వాక్యాలది: కుక్కల ఒంటిమీద కాటు గాయాలు ఉన్నాయి, చికిత్స అవసరం. ఆయనను నేను తప్పుపట్టను. చికిత్స చేయడమే ఆయనకు తెలిసిన పని. కోర్టులో రెండేళ్ళ తరువాత అడగబోయే ప్రశ్నలు ఆయన ముందు లేవు. కానీ ఆ రెండు వాక్యాలతో వెళ్ళి ఉంటే, వీధిలో కుక్కలు కరుచుకోవడం మామూలేనని డిఫెన్స్ ఒక్క మాటతో కొట్టిపారేసేది.

అందుకే మరుసటి రోజే మరో పశువైద్యురాలి చేత పూర్తి పరీక్ష చేయించాలని దర్యాప్తు అధికారి ద్వారా కోరాము. ఆమె ప్రతి కుక్క బొమ్మను రెండు వైపులా కాగితం మీద గీసి, ప్రతి గాయానికీ, ప్రతి మచ్చకూ నంబరు వేసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశారు. గాయాలు ఎక్కడ ఉన్నాయన్నదే అన్నింటికన్నా ముఖ్యమైన సంగతిగా తేలింది. దారిలో ఎదురుపడి కరుచుకున్న కుక్కల్లో ఒకటి లొంగిపోతుంది లేదా పారిపోతుంది. అప్పుడు కాట్లు వెనక కాళ్ళమీద, పిరుదుల మీద కూడా పడతాయి. తప్పించుకునే దారి లేని చోట ఎదురెదురుగా నిలబెట్టిన కుక్కల గాయాలు మూతి, తల, మెడ, ముందు కాళ్ళ మీద గుంపుగా ఉంటాయి. మూడు కుక్కల్లోనూ అవి అలాగే ఉన్నాయి. పైకి చిన్న రంధ్రంలా కనిపించే కాటు కింద చర్మం కండ నుంచి విడిపోయి సంచిలా తయారైంది. పళ్ళు పట్టి ఊపడం వల్ల అలా జరుగుతుందని ఆమె సాక్ష్యంలో వివరించారు.

రెండో సంగతి గాయాల వయసు. కొన్ని ఆ ఉదయానివి, కొన్ని మానుతున్నవి, కొన్ని పూర్తిగా మానిపోయి వెంట్రుకలు రాని తెల్ల మచ్చలు. ఒక కుక్క ముందు కాలిమీద పాత కోతకు కాగితాలు కుట్టే స్టేపుల్ పిన్నులు వేసి ఉన్నాయి. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే సంగతి బయటపడుతుంది కనుక ఇంట్లోనే కుట్టుకున్నారన్నమాట. ఒకే రోజు గొడవలో ఇన్ని వయసుల గాయాలు రావు కనుక, ఇది ఆ ఉదయం పొరపాటున జరిగిన కొట్లాట కాదని చెప్పడానికి ఈ పరీక్షే మాకు ఆధారమైంది. చనిపోయిన కుక్క శవపరీక్షలో రక్తనష్టం, షాక్ కారణమని వచ్చింది. దాని పళ్ళలో ముందు కోర పళ్ళు రెండు అరిగి మొద్దుబారి ఉన్నాయి.

ఆ రిపోర్టు పదకొండు పేజీలు. ముద్దాయిలకు పడిన యాభై రూపాయలతో ఆ ఫోటోల ప్రింట్లు కూడా రావు.

ముద్దాయిలు, సెక్షన్లు

పట్టుబడ్డ తొమ్మిదిమందిలో ఇద్దరు బరిలో కుక్కలను పట్టుకున్నవారు, ఒకడు తోటను కౌలుకు తీసుకుని పందెం నడిపినవాడు. మిగతా ఆరుగురు పందెం కాసి చూస్తున్నవారు. ఈ ఆరుగురి విషయంలోనే చట్టంలోని మొదటి పెద్ద ఖాళీ బయటపడింది. 1960 చట్టంలో జంతువుల పోరాటాన్ని చూడడానికి వెళ్ళడం నేరం కాదు. డబ్బు పెట్టి, కేకలు వేసి, గెలిచిన కుక్కకు ధర పెంచే ఆ గుంపు లేకపోతే బరి ఒక్క ఉదయం కూడా నడవదు. అయినా వాళ్ళమీద క్రూరత్వ నేరం మోపడానికి సెక్షన్ లేదు. వాళ్ళను జూదానికి సంబంధించిన రాష్ట్ర గేమింగ్ చట్టం కిందనే చేర్చగలిగాము.

కుక్కలను వదిలిన ఇద్దరి తరఫు వాదన నేను ఊహించనిది. (ఎమ్) క్లాజులో ‘కేవలం వినోదం కల్పించే ఉద్దేశంతో’ అన్న మాట ఉంది. తమ క్లయింట్లు జాతి కుక్కలు పెంచేవారని, కుక్క ధైర్యాన్ని పరీక్షించి సంతానోత్పత్తికి ఎంచుకోవడమే వారి ఉద్దేశమని, కనుక అది కేవలం వినోదం కాదని డిఫెన్స్ వాదించింది. నేరాన్ని నిరోధించడానికి రాసిన ఒక మాట నేరస్థుడికి తలుపు తెరవడం అంటే ఇదే. జల్లికట్టుపై 2014 మే 7న ఇచ్చిన నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు, జంతువు బాధ్యత వహించే మనిషి దానిని మరో జంతువుతో గానీ మనిషితో గానీ పోరాడేలా రెచ్చగొట్టకుండా చూడాలని జంతు సంక్షేమ బోర్డునూ ప్రభుత్వాలనూ ఆదేశించిన సంగతిని, చుట్టూ నిలబడ్డ జనాన్ని, దొరికిన నగదును చూపించి ఆ వాదనను దాటాము. అనవసరమైన నొప్పి కలిగించడాన్ని నేరం చేసే (ఏ) క్లాజును కూడా ముందే చేర్చి ఉండడం కలిసివచ్చింది.

జైలు శిక్షకు అవకాశమున్న ఒకే ఒక్క సెక్షన్ శిక్షాస్మృతిలోని 429. జంతువును చంపినా అవిటిదాన్ని చేసినా అయిదేళ్ళ దాకా జైలు వేయవచ్చు. కానీ అది ఆస్తికి నష్టం కలిగించే నేరాల అధ్యాయంలోని సెక్షన్. ఎవరికో అక్రమ నష్టం కలిగించాలన్న ఉద్దేశం, లేదా కలుగుతుందన్న ఎరుక ఉండాలి. చనిపోయిన కుక్క తనదేనని మొదటి ముద్దాయి స్వయంగా ఒప్పుకున్నాడు. తన కుక్కను తానే చంపించుకున్నవాడు ఎవరికి నష్టం కలిగించాడని డిఫెన్స్ అడిగింది. సొంత ఆస్తి విషయంలోనూ ఈ నేరం జరగవచ్చన్న వివరణను చూపించాము. అయినా మరొకరికి నష్టం రుజువు కావాలని కోర్టు అభిప్రాయపడి ఆ సెక్షన్ నుంచి ముద్దాయిలను విడుదల చేసింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్, పాత సెక్షన్‌లో ఉన్న జంతువు విలువ ప్రస్తావనను తీసేసింది గానీ, ఆస్తి నష్టం అన్న పునాదిని మార్చలేదు. చిత్రహింస అనుభవించిన ప్రాణి ఆ సెక్షన్‌లో ఇప్పటికీ బాధితురాలు కాదు.

మూడు నెలలు

ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది జరిమానా కాదు, 36వ సెక్షన్. నేరం జరిగిన తేదీ నుంచి మూడు నెలలు దాటితే ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ మొదలుపెట్టకూడదని అది చెబుతుంది. బజారులో అధిక భారం మోస్తున్న ఎద్దును చూసి అక్కడికక్కడే కేసు రాసే పరిస్థితిని మనసులో పెట్టుకుంటే ఆ గడువు అర్థమవుతుంది. కుక్కల పందెం అలాంటిది కాదు. కుక్కను ఒకరు పెంచుతారు, ఇంకొకరు నెలల తరబడి తర్ఫీదు ఇస్తారు, వేరొకరు డబ్బు పెడతారు, చివరికి బరిలో దొరికేది గొలుసు పట్టుకున్న కూలీ.

జప్తయిన ఫోన్లను పరీక్షకు పంపారు. మేము దర్యాప్తు అధికారిని విడవకుండా అడగడం వల్ల ఛార్జిషీటు మూడు నెలల గడువుకు అయిదు రోజుల ముందు దాఖలైంది. ఫోన్ల రిపోర్టు మాత్రం ఆ తరువాత రెండు నెలలకు వచ్చింది. అందులో కుక్కల కొనుగోలు, వాటి బరువుల లెక్క, ఇతర చోట్ల జరిగిన పందేల వీడియోలు, డబ్బు పంపిన వివరాలు ఉన్నాయి. రెండు కుక్కల అసలు యజమాని, ఈ పందేలకు పెట్టుబడి పెట్టిన మనిషి ఎవరో తొలిసారి స్పష్టమైంది. పోలీసులు అదనపు ఛార్జిషీటులో అతన్ని పదో ముద్దాయిగా చేర్చారు.

అతని న్యాయవాది 36వ సెక్షన్ చదివి వినిపించారు. కోర్టు విచారణకు స్వీకరించేది నేరాన్ని, నేరస్థుణ్ణి కాదని, నేరం గడువులోపలే కోర్టు ముందుకు వచ్చిందని, తరువాత బయటపడిన ముద్దాయికి కొత్తగా గడువు లెక్కపెట్టకూడదని మేము వాదించాము. ఈ వాదనలో బలం ఉందని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ కోర్టు అంగీకరించలేదు. శిక్ష యాభై రూపాయలు ఉన్న నేరానికి గడువు నియమాన్ని అంత విశాలంగా చదవడం సబబు కాదని ఉత్తర్వులో రాశారు. ఆ ఒక్క వాక్యంలో నా అభిప్రాయమంతా ఉంది: శిక్ష తక్కువ కనుక గడువు ఇరుకు, గడువు ఇరుకు కనుక అసలు మనిషి చేజారాడు.

తీర్పు తరువాత కుక్కలు

తొలి నేరానికి పది రూపాయలకు తగ్గకుండా యాభై దాకా జరిమానా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960 చట్టం 11వ సెక్షన్ వేయగలిగింది ఇంతే. ముగ్గురికీ ఇది తొలి నేరం. పందెం కాసినందుకు గేమింగ్ చట్టం కింద పడిన జరిమానా, కుక్కలను కరిపించినందుకు పడిన జరిమానా కన్నా ఎక్కువ.

కేసు నడిచిన కాలమంతా కుక్కలు ఒక సంరక్షణ కేంద్రంలో ఉన్నాయి. కేసు ఆస్తిగా, అంటే కేసులో జప్తయి ఉన్న జంతువుల సంరక్షణపై 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం రవాణా, చికిత్స, పోషణ ఖర్చుకు ముద్దాయి గానీ యజమాని గానీ బాండు రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే జంతువు మీద హక్కు కోల్పోతాడు. మంచి నియమం. కానీ రెండు కుక్కల విషయంలో అవి తమవి కావని అందరూ చేతులు దులుపుకున్నారు. కుక్కను కోల్పోవడం వాళ్ళకు నష్టం కాదు. తనదని ఒప్పుకుంటేనే నష్టం. ఆ రెండింటినీ రెండేళ్ళకు పైగా పోషించింది విరాళాల మీద నడిచే ఆ కేంద్రం.

మూడో కుక్కను మాత్రం రెండో ముద్దాయి తనదని చెప్పి, ఖర్చు కట్టి, తీర్పు తరువాత తిరిగి ఇమ్మన్నాడు. దోషి దగ్గర నుంచి జంతువును స్వాధీనం చేసుకోవడానికి 29వ సెక్షన్ ఒక షరతు పెట్టింది: తిరిగి అతని దగ్గరకే వెళ్తే మళ్ళీ క్రూరత్వానికి గురవుతుందని సాక్ష్యం ఉండాలి. పశువైద్యురాలి రిపోర్టులోని పాత మచ్చలు, స్టేపుల్ పిన్నుల ఫోటోలు ఇక్కడ మళ్ళీ ఆదుకున్నాయి. కుక్కను తిరిగి ఇవ్వలేదు.

అదే సెక్షన్ కింద అతను ఇకపై కుక్కను పెంచకుండా నిషేధం కూడా అడిగాము. దానికి రెండు అడ్డంకులు వచ్చాయి. నిషేధం కోరబోతున్నామన్న సంగతి మొదటి ఫిర్యాదులోనే రాసి ఉండాలి. నలభై నిమిషాల హడావిడిలో నేను ఆ వాక్యం రాయలేదు. అది నా తప్పు. రెండోది, ఆ జంతువును పెంచడానికి లైసెన్సు తప్పనిసరి అయిన ప్రాంతంలోనే నేరం జరిగి ఉండాలి; తోట మున్సిపాలిటీ హద్దు బయట ఉంది. కనుక నేను రాసినా ఫలితం లేకపోయేది. ఊరికి దూరంగా, కంచె వెనక నడిచే నేరానికి ఊరిలోపలి లైసెన్సును షరతుగా పెట్టిన ఆ నిబంధన ఎవరినీ కాపాడదు. తీర్పు వచ్చిన కొన్ని నెలలకు రెండో ముద్దాయి ఇంట్లో మళ్ళీ రెండు కుక్క పిల్లలు ఉన్నాయని ఆ కార్యకర్త చెప్పింది. అందులో చట్టవిరుద్ధం ఏదీ లేదు.

శిక్ష పెరిగితే ఏమవుతుంది

శిక్ష స్థాయి కేసును ఎలా మారుస్తుందో చూడడానికి నేను తరచు ఉదాహరణగా తీసుకునేది అమెరికాలోని మైకేల్ విక్ కేసు. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా రాష్ట్రంలో ఆ ప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడి స్థలంలో వేరే దర్యాప్తు కోసం సోదా చేస్తుండగా కుక్కల పందేల వ్యవహారం బయటపడింది. అప్పటికి అక్కడి ఫెడరల్ చట్టంలో జంతువుల పోరాటం ఏడాది దాకా మాత్రమే శిక్ష ఉన్న చిన్న నేరం. దాన్ని మూడేళ్ళ దాకా శిక్ష ఉన్న తీవ్ర నేరంగా మార్చిన చట్టం 2007 మే 3న సంతకమైంది, కానీ జరిగిపోయిన నేరాలకు అది వర్తించదు. అందుకని ప్రాసిక్యూషన్, చట్టవిరుద్ధమైన వ్యాపారం కోసం రాష్ట్రాల సరిహద్దులు దాటారన్న కుట్ర నేరాన్ని ఆశ్రయించింది. దానికి అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. విక్ నేరం ఒప్పుకున్నాడు, 23 నెలల జైలు పడింది. జైలు కాలం కన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది: పట్టుబడిన కుక్కల సంరక్షణ కోసం అతనిచేత 9 లక్షల 28 వేల డాలర్లు కట్టించారు, వాటి భవిష్యత్తు తేల్చడానికి కోర్టు ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలిని ప్రత్యేకంగా నియమించింది. నేరం పెద్దదైనప్పుడే ఒప్పందానికి కూర్చున్న ముద్దాయి దగ్గర అలాంటి షరతులు రాబట్టే శక్తి ప్రాసిక్యూషన్‌కు వస్తుంది.

అమెరికా అక్కడ ఆగలేదు. 2008లో గరిష్ఠ శిక్షను అయిదేళ్ళకు పెంచింది. 2014లో పోరాటం చూడడానికి వెళ్ళడాన్నే ఏడాది దాకా శిక్ష ఉన్న నేరంగా, 16 ఏళ్ళలోపు పిల్లలను వెంట తీసుకెళ్ళడాన్ని మూడేళ్ళ దాకా శిక్ష ఉన్న నేరంగా చేసింది. ఇంగ్లండు, వేల్స్‌లో ఆరు నెలలుగా ఉన్న గరిష్ఠ శిక్ష 2021లో అయిదేళ్ళయింది. మన దగ్గర నాగరాజ తీర్పులోనే సుప్రీంకోర్టు, 11వ సెక్షన్ ఉల్లంఘనలకు తగిన శిక్షలు ఉండేలా పార్లమెంటు చట్టాన్ని సవరిస్తుందని ఆశించింది. 2022 నవంబరులో కేంద్రం ప్రజాభిప్రాయానికి పెట్టిన సవరణ ముసాయిదాలో ఘోరమైన క్రూరత్వం అన్న కొత్త నేరానికి ఏడాది నుంచి మూడేళ్ళ జైలు, లేదా 50 వేల నుంచి 75 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ ప్రతిపాదించారు. నా ఈ కేసు మాత్రం 1960 నాటి అంకెలతోనే ముగిసింది.

మూడేళ్ళు అన్న అంకె మీద నేను ప్రత్యేకంగా పట్టుబడతాను, దానికి కారణం కోపం కాదు. ప్రక్రియా చట్టంలోని మొదటి షెడ్యూలు ప్రకారం, ఇతర చట్టాల కింద వచ్చే నేరాలకు శిక్ష మూడేళ్ళకు తక్కువైతే అవి నాన్‌కాగ్నిజబుల్, మూడేళ్ళు గానీ ఆపైన గానీ అయితే కాగ్నిజబుల్. మూడేళ్ళ దాకా విధించవచ్చు అని రాసినా సరిపోతుందని కాపీరైటు చట్టం 63వ సెక్షన్ విషయంలో సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అంటే పోరాట నేరానికి మూడేళ్ళు రాస్తే, స్టేషన్‌లో మేము పోగొట్టుకున్న నలభై నిమిషాల చర్చ అసలు పుట్టదు. గొలుసు విప్పినవాడికీ స్థలం ఇచ్చినవాడికీ మధ్య ఉన్న అర్థంలేని తేడా పోతుంది. దానితోపాటు 36వ సెక్షన్ గడువును ఈ నేరం వరకైనా తీసేయాలి. లేకపోతే శిక్ష ఎంత పెంచినా పెట్టుబడి పెట్టినవాడు మూడు నెలలు కనిపించకుండా ఉంటే చాలు.

అయితే శిక్షను గుడ్డిగా పెంచడాన్ని నేను సమర్థించను. దినకూలికి గొలుసు పట్టుకున్న కుర్రవాడికీ, కుక్కలను కొని, పందేలు కుదిర్చి, లాభం తీసుకునేవాడికీ ఒకే తప్పనిసరి కనీస జైలు శిక్ష పెడితే, మేజిస్ట్రేటు మొదటివాణ్ణి చూసి జాలిపడి కేసే కొట్టేసే ప్రమాదం ఉంది. కఠినమైన కనీస శిక్షలున్న చట్టాల్లో సాక్షులు సైతం నోరు విప్పకపోవడం చూశాను. నిర్వాహకుడికీ, పెట్టుబడిదారుకూ పై మెట్టు, బరిలో దిగినవారికి నడిమి మెట్టు, చూడవచ్చినవారికి కింది మెట్టు ఉండాలి. పిల్లలను తీసుకొచ్చినవారికి అదనపు శిక్ష ఉండాలి. పోరాటం కోసం కుక్కను పెంచడం, తర్ఫీదు ఇవ్వడం, అమ్మడం బరి దాకా వెళ్ళకముందే నేరం కావాలి. ‘కేవలం వినోదం’ అన్న మాట పోవాలి. జంతువులు పెంచకుండా నిషేధం విధించే అధికారం ఫిర్యాదులోని ఒక వాక్యం మీద, ఊరి హద్దుల మీద ఆధారపడకుండా కోర్టు విచక్షణకే వదలాలి. సంరక్షణ ఖర్చును కుక్క తనదని ఒప్పుకున్నవాడి నుంచి మాత్రమే కాక, దోషులుగా తేలిన అందరి నుంచీ వసూలు చేయాలి. నా అనుభవంలో జైలు కన్నా ఈ వర్గాన్ని ఎక్కువ భయపెట్టేవి చివరి రెండూనే.

పదో ముద్దాయిని తప్పించిన ఉత్తర్వుపై రివిజన్, అంటే దాన్ని పై కోర్టు తిరిగి పరిశీలించాలని కోరే పిటిషన్, వేయడానికి ఫైలు సిద్ధం చేసి ఇచ్చాను. వేయాల్సింది ప్రభుత్వం తరఫున. యాభై రూపాయల కేసుకు పై కోర్టు దాకా వెళ్ళడం అవసరమా అన్న ప్రశ్నతో అది తిరిగి వచ్చింది. ఆ కార్యకర్త తరఫున మేమే వేశాము, అది విచారణకు రావలసి ఉంది.

మూడు కుక్కల్లో రెండు ఆ కేంద్రంలోనే ఉన్నాయి. ఒకటి ఇంకా మరో కుక్క ఎదురుపడితే గోడకు నడుము ఆనించి నిలబడిపోతుంది. స్టేపుల్ పిన్నులు తీసిన కుక్కను, ఇంట్లో వేరే జంతువులు లేని ఒక వృద్ధ దంపతులు తీసుకెళ్ళారు. ఆ తరువాత నా దగ్గరకు వచ్చిన ప్రతి జంతుహింస కేసులో ఫిర్యాదు చివరి పేరాకు ముందు, 29వ సెక్షన్ కింద స్వాధీనమూ నిషేధమూ కోరబోతున్నామన్న వాక్యం ఉంటుంది. ఫైలు అట్టమీద నేరం జరిగిన తేదీ పక్కన, ఎర్ర సిరాతో, మూడు నెలల తరువాతి తేదీ రాసి ఉంటుంది.